అందరికీ 20 వేసేస్తే మంచి పేరు వస్తుందా? (క్లినికల్ పోస్టింగ్ గురించి)

తెల్లబూట్లు:
బీఎస్సీ నర్సింగ్ సెకండియర్. సోమవారం నుంచి ఒక జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డులో పోస్టింగ్. మొదటి రోజే సిస్టర్ టీపీఆర్ చార్టులు (జ్వరం, నాడి, శ్వాస రాసేవి) చేతిలో పెట్టి, రౌండ్స్‌కి ముందే అన్నీ నింపెయ్యమన్నారు. 34 మంది పేషెంట్లు. నేను ఒక్కొక్కరి శ్వాస నిమిషంపాటు లెక్కపెడుతుంటే వచ్చి, "అందరికీ 20 వేసెయ్ తల్లీ, లేచి టీకి వెళ్లొచ్చేవాళ్లకి కూడా లెక్కేంటి" అన్నారు. "చూడకుండా రాయకూడదని మా మేడమ్ చెప్పారు సిస్టర్" అనేశాను, పేషెంట్ల ముందే. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఇంకా ఐదు వారాలు అక్కడే ఉండాలి, కేస్‌బుక్‌లో సంతకం ఆవిడే పెట్టాలి. ఇప్పుడేం చేయాలి?

నైట్‌డ్యూటీ_అక్క:
22 ఏళ్ల సర్వీసు నాది, హెడ్ నర్సుని. కొత్త పిల్లలు రాగానే నేను చూసేవి గోళ్లు, సెకన్ల ముల్లున్న వాచీ, జేబులో చిన్న పుస్తకం. పావుగంట ముందొచ్చి హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించడం) దగ్గర నిలబడిందంటే ఆ పిల్ల పేరు గుర్తుపెట్టుకుంటా. "బీపీ చూస్తాను సిస్టర్, ఇంజెక్షన్ ఇంకా చేయలేదు" అని ముందే చెప్పే పిల్లని నమ్ముతా. రానిది వచ్చని క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) పట్టుకునే పిల్లంటేనే నాకు టెన్షన్. వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెట్టబోతుంటే చేయి పట్టుకుని ఆపాల్సి వస్తుంది. అది నేరుగా తెల్ల డబ్బాలో పడాలని ఎన్నిసార్లు చెప్పాలో.
నీ విషయానికొస్తే, పేషెంట్ల ముందు ఎదురు చెప్పడం తప్పు. రేపు నర్సింగ్ స్టేషన్ దగ్గర విడిగా సారీ చెప్పు, అయిపోతుంది.

జీఎన్ఎం_ఫైనల్:
సారీ దేనికి మేడమ్? చూడని అంకె రాయనన్నందుకా?
ఫస్టియర్‌లో నా మూడు వారాలు బ్లడ్ శాంపిళ్లు ల్యాబ్‌కి మోయడం, స్టాఫ్‌కి టీ తేవడంతోనే గడిచాయి. "మంచి పిల్ల" అని పేరొచ్చింది. నాసోగ్యాస్ట్రిక్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) వేయడం చూస్తానని ఒక్కసారి అడిగా, "పొగరు" అన్నారు. సంతకం కోసం తొమ్మిది రోజులు తిప్పించుకున్నారు. మంచి పేరు అంటే ఇదే.

గుంటూరు_పేరెంట్:
మా అమ్మాయిదీ ఇదే గోల. రోజూ ఏడుస్తూ ఫోను.

నైట్‌డ్యూటీ_అక్క:
నేను అంకె గురించి అనలేదమ్మా, చోటు గురించి అన్నాను. సరిగా చదువు. అయినా ప్రతి ఒక్కరికీ నిమిషం ఎందుకు? శ్వాస ఒకే తీరుగా ఉంటే 30 సెకన్లు చూసి రెట్టింపు చేస్తే చాలు.

జీఎన్ఎం_ఫైనల్:
మాకు నిమిషం అనే నేర్పారు. 30 సెకన్లలో ఒక్కటి తప్పితే చార్టులో రెండు తప్పుతాయి.

నైట్‌డ్యూటీ_అక్క:
ఒకే తీరుగా ఉంటే అన్నాను. నువ్వు పుట్టకముందు నుంచి లెక్కపెడుతున్నా.

ట్యూటర్_ఖమ్మం:
నిమిషమా, అరనిమిషమా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ సిస్టర్ చెప్పింది సున్నా సెకన్లు కదా!
తెల్లబూట్లూ, నాడి చూడటం అయ్యాక వేళ్లు మణికట్టు మీద నుంచి తీయకు, అలాగే ఉంచి ఛాతీ చూడు. ఊపిరి లెక్కపెడుతున్నావని తెలిస్తే మనిషి తెలియకుండానే మార్చేస్తాడు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. ఇన్ఫెక్షన్ ముదురుతుంటే చాలామందిలో బీపీ పడకముందే శ్వాస పెరుగుతుంది. చార్టు నిండా 20 ఉంటే అది ఎవరికీ కనబడదు. మా పిల్లల కేస్‌బుక్కుల్లోనూ ఇవే ఇరవైలు కనిపిస్తాయి, నేనూ సంతకం పెట్టిన రోజులున్నాయి.

జీఎన్ఎం_ఫైనల్:
థాంక్యూ మేడమ్. మీలా ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఈ హెడ్ నర్సులకి మాత్రం పేషెంట్ కంటే పరువు ముఖ్యం.

నైట్‌డ్యూటీ_అక్క:
పరువా? మా వార్డులో 40 మంచాలు, మార్నింగ్‌లో ఇద్దరం. ఒకరు రౌండ్స్‌లో ఉంటే ఒకరు మందులు. మధ్యలో అడ్మిషన్, డిశ్చార్జ్, ఇండెంట్, స్టాక్ రిజిస్టర్. పరీక్షలప్పుడు స్టూడెంట్లు రాని వారం నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ బీపీలు మీరు చూడకపోతే ఎవరు చూస్తారు? చెప్పు. ఇంత పనిలో పక్కన నిలబెట్టి ట్యూబ్ ఎలా వేయాలో చెప్పే తీరిక నాకెక్కడిది?

జీఎన్ఎం_ఫైనల్:
ఇదీ అసలు మాట! పొద్దుట్నుంచి చోటు, మర్యాద అన్నారు. మీకు కావాల్సింది స్టూడెంట్ కాదు, జీతం లేని స్టాఫ్. మేం ఫీజు కట్టి మరీ వస్తున్నాం.

నైట్‌డ్యూటీ_అక్క:
నాకు కావాల్సింది ఇంకో ముగ్గురు స్టాఫ్. ఇవ్వమని నీకు రాయనా?

లీడ్స్_నర్స్:
నాది నెల్లూరు, ప్రస్తుతం ఇంగ్లాండులో వార్డు నర్సుని. ఇక్కడ స్టూడెంట్‌ని స్టాఫ్ లెక్కలో కలపకూడదు, నర్సింగ్ కౌన్సిల్ నియమమే అది. స్టాఫ్ తక్కువైన రోజున ఇక్కడా వాళ్లతో పని లాగేస్తారనుకోండి. కానీ "నేను లెక్కలో లేను" అని చెప్పుకునే హక్కు ఆ పిల్లకి ఉంటుంది.

వార్డుబాయ్_కొడుకు:
టీ తెచ్చేది మా నాన్న. దాని గురించి ఎవరూ పోస్టు పెట్టరు 🙂

తెల్లబూట్లు:
ఇవాళ విడిగా వెళ్లి, అందరి ముందు అన్నందుకు సారీ చెప్పాను. అంకె గురించి చెప్పలేదు. "సరే పో" అన్నారు. నిమిషం లెక్కన మొదటి మంచం నుంచి చూసుకుంటూ వెళ్తే రౌండ్స్ వచ్చేసరికి 11 మందే అయ్యారు. మిగతావి ఖాళీ వదిలేశాను. ఆవిడ చార్టులు చూసి నన్ను చూశారు, ఏమీ అనలేదు. ఖాళీల్లో 20లు ఆవిడే వేసుకున్నారు.

నైట్‌డ్యూటీ_అక్క:
మొదటి మంచం నుంచి ఎందుకు మొదలుపెట్టావు? ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు, రాత్రి అడ్మిట్ అయినవాళ్లు, వీళ్లని ముందు చూడాలి. రేపు హ్యాండోవర్‌లో ఆ మంచాల నంబర్లు రాసుకుని, "వీళ్లతో మొదలుపెట్టనా సిస్టర్" అని అడుగు. ఆవిడ కాదనదు.

జీఎన్ఎం_ఫైనల్:
ఈ సలహా మొదటి పోస్టులోనే ఇచ్చి ఉండొచ్చు కదా మేడమ్. సారీతో మొదలుపెట్టారు.

నైట్‌డ్యూటీ_అక్క:
డ్యూటీకి టైమైంది. రేపు మాట్లాడదాం.