పాత అబార్త్ పుంటోనా, కొత్త వర్టస్ జీటీనా? మన రోడ్లకి ఏది?

ఒంగోలు_పెట్రోల్:
బాగా చూసుకున్న 2016 ఫియట్ అబార్త్ పుంటో ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 మాన్యువల్ కూడా సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నా. పవర్ 145, 148 బీహెచ్‌పీ, దాదాపు సమానం. నేను తిరిగేది హైవే, చీమకుర్తి రోడ్డు, అప్పుడప్పుడు గిద్దలూరు ఘాట్. నడిపినవాళ్లు చెప్పండి.

కావలి_టీజెట్:
అన్నా, బీహెచ్‌పీ పక్కన పెట్టి టార్క్ చూడండి, అంటే బండిని లాగే బలం. పుంటోకి 2,000 ఆర్‌పీఎం దగ్గర 212 ఎన్ఎం, వర్టస్‌కి 1,600 నుంచే 250. ఆ తేడా చీమకుర్తి రోడ్డు మీదే తెలిసేది. గ్రానైట్ దిమ్మ వేసుకున్న ట్రైలర్ వెనక నలభైలో పోతుంటాం, ఎదురుగా కాస్త ఖాళీ దొరుకుతుంది. వర్టస్ మూడో గేర్లో తొక్కగానే లాగేస్తుంది. నా పుంటో అదే గేర్లో ముందు తటపటాయిస్తుంది, ముల్లు 2,500 దాటాక ఒక్కసారిగా మనల్ని సీటుకి అదిమేస్తుంది. అందుకే ముందుగానే రెండుకి దించి పెట్టుకుంటా. ఆ తోపు నాకు ప్రాణం. కానీ ఎదురుగా బస్సు వచ్చే రోడ్డులో ఆ తటపటాయింపే ప్రమాదం.

నెల్లూరు_జీటీ:
ఎండ సంగతి మర్చిపోవద్దు. వర్టస్ ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది, నీళ్లతో చల్లబడుతుంది. మే నెలలో మినీబైపాస్ ట్రాఫిక్‌లో ఉడికిపోయి హైవే ఎక్కినా పికప్ పెద్దగా తగ్గదు. పుంటో ఇంటర్‌కూలర్‌కి గాలి తగలాలి. బండి కదలకపోతే అది వేడెక్కుతుంది, ఇంజిన్లోకి వెళ్లే గాలి పలచబడుతుంది, నాకింగ్ (ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ తగ్గిస్తుంది, దాంతో పికప్ పడిపోతుంది. వర్టస్ లాంటి స్పీడు బండికి వెనక డ్రమ్ బ్రేకులు ఉండటం మాత్రం నాకు నచ్చలేదు. పుంటోకి నాలుగూ డిస్కులే.

గిద్దలూరు_ఘాట్:
మలుపుల్లో నా ఓటు పుంటోకే. హైడ్రాలిక్ స్టీరింగ్ కదా, టైరు పట్టు తగ్గుతుంటే చేతికి ముందే తెలిసిపోతుంది. వర్టస్ స్టీరింగ్ ఊళ్లో హాయి, ఘాట్‌లో అంత తెలియనివ్వదు. ఒక్క జాగ్రత్త: గట్టిగా నడిపాక పాత టర్బోని వెంటనే ఆఫ్ చేయకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగ్‌లో ఆయిల్ మాడదు.

ఒంగోలు_పెట్రోల్:
స్పేర్లు దొరుకుతాయా?

కావలి_టీజెట్:
ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు దొరుకుతాయి. అబార్త్ బంపర్ లాంటివి వెతుక్కోవాల్సిందే. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు తప్పకుండా అడగండి. ఆ కాలం బండి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కోసం చేసింది కాదు, పెట్రోల్ పైపులు, సీళ్లు కూడా చూపించుకోండి. రోజూ నడిపేది ఇదొక్కటే అయితే వర్టస్ తీసుకోండి. ఇంట్లో ఇంకో కారుంటే పుంటోని వదలొద్దు.

ఒంగోలు_పెట్రోల్:
రోజూ చీమకుర్తి వెళ్లొచ్చే పని, ఇంట్లో వేరే కారు లేదు. వర్టసే ఖాయం. నెల్లూరు అన్నా, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కూడా చూడమంటారా?

నెల్లూరు_జీటీ:
మాన్యువలే మేలు. డీఎస్‌జీది డ్రై క్లచ్, అంటే చల్లబరిచే ఆయిల్ ఉండదు, ట్రాఫిక్‌లో పాకుతూ పోయేటప్పుడు వేడెక్కుతుంది. మీ దారిలో లారీల వెనక పాకడమే ఎక్కువ.