ఉప్పుగాలిలో రేడియేషన్ సర్వే మీటర్ల నెలవారీ సంరక్షణ

గాజువాక వర్క్‌షాప్:
రక్షణ విభాగాల కొలత పరికరాలను సరిచూసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. ఇటీవల గైగర్ సర్వే మీటర్లు (వికిరణాన్ని కొలిచే పరికరాలు), ఆల్ఫా ప్రోబులు (ఆల్ఫా కణాలను పసిగట్టే భాగాలు) కొన్ని మా బాధ్యతలోకి వచ్చాయి. ఏడాదికోసారి కాలిబ్రేషన్ (తెలిసిన ప్రమాణంతో సరిపోల్చి సరిచేయడం) చేయించి, మిగతా కాలమంతా పెట్టెల్లో భద్రపరిస్తే చాలునని మా పైవారి అభిప్రాయం. విశాఖ తేమను, ఉప్పుగాలిని తట్టుకోవడానికి అది సరిపోతుందా? నెలనెలా ఏమేమి చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత నావికా సాంకేతికుడు:
సరిపోదు. పరికరాన్ని కాలిబ్రేషన్‌కు పంపే నాటికే చెడిపోయి ఉంటే, అది ఎన్నాళ్లుగా తప్పు చూపుతోందో ఎవరూ చెప్పలేరు. ముందుగా, వాడకంలో లేని ప్రతి మీటరు నుంచి బ్యాటరీలు తీసివేయండి. వాటి నుంచి కారిన ద్రవం స్ప్రింగులను తినేస్తుంది. ప్రోబు కేబుల్ కనెక్టర్లలో పచ్చని చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించండి. అక్కడ హై వోల్టేజీ ఉంటుంది కాబట్టి, కాస్త తేమ చేరినా విద్యుత్తు లీకై లేని కౌంట్లు (మీటరు లెక్కించే వికిరణ స్పందనలు) పుట్టుకొస్తాయి. ఆల్ఫా ప్రోబు ముందున్న పలుచని మైలార్ ప్లాస్టిక్ పొరను వేలితో తాకకండి. దానికి సూదిమొన అంత రంధ్రం పడినా వెలుతురు లోపలికి చొరబడుతుంది. దీపం దగ్గరికి తెచ్చినప్పుడు కౌంట్లు పెరిగితే పొర చిరిగినట్లే.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెక్ సోర్స్ (మీటరు స్పందనను పరీక్షించే చిన్న రేడియోధార్మిక నమూనా) పరీక్ష. కాలిబ్రేషన్ నుంచి రాగానే సోర్స్‌ను ఒక నిర్ణీత స్థానంలో, నిర్ణీత దూరంలో ఉంచి రీడింగ్ రాసిపెట్టుకోండి. తరువాతి పరీక్షలో తేడా ఇరవై శాతం దాటితే ఆ మీటరును వాడకం నుంచి తొలగించాలి. సీజియం-137 సోర్స్ ఏటా సుమారు 2.3 శాతం క్షీణిస్తుందనీ, పదేళ్లకు దాదాపు ఐదో వంతు తగ్గుతుందనీ గుర్తుంచుకోండి. లేకపోతే ఆ తగ్గుదలను మీటరు దోషంగా పొరబడతారు.

గాజువాక వర్క్‌షాప్:
కృతజ్ఞతలండీ. మాకు అందిన పాత రిజిస్టరులో ఒక మీటరు ఎదుట ప్రతి నెలా ‘సున్నా, బాగుంది’ అని రాసి ఉంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ:
ఆ మీటరునే ముందుగా అనుమానించండి. విశ్వకిరణాలు, రాళ్లలోని పొటాషియం-40 వంటివి ఎక్కడైనా ఉంటాయి కనుక, పనిచేసే గైగర్ గొట్టం నిమిషంపాటు ఒక్క కౌంటూ చూపకుండా ఉండదు. బలమైన వికిరణ క్షేత్రంలో కొన్ని పాత మీటర్ల ముల్లు నిండా లేవకుండా తిరిగి సున్నాకు పడిపోతుంది. ఆపదవేళ అంతకన్నా ప్రమాదకరమైన లోపం లేదు. అందువల్ల ‘సున్నా’ ఎదుట ‘బాగుంది’ అని రాసే అలవాటును ముందు మాన్పించాలి. ఇంకొక జాగ్రత్త: భీమిలి తీరపు ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అక్కడి నేపథ్య రీడింగ్ (పరిసరాల్లో సహజంగా ఉండే వికిరణపు కొలత) వర్క్‌షాప్‌లోని దానితో సరిపోలదు. నెలనెలా ఒకే చోట, ఒకే బల్ల మీద కొలవండి. వంద కౌంట్లు లెక్కిస్తే పది అటూ ఇటూ కావడం సహజం. రెండు క్షణాల ఊగిసలాటను చూసి ఒక నిర్ణయానికి రాకండి.

విశ్రాంత నావికా సాంకేతికుడు:
పెట్టెలోని సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారితే ఆరబెట్టండి, లేదా మార్చండి. మూత అంచు రబ్బరు గ్యాస్కెట్ పగిలి ఉంటే ఎంత జెల్ వేసినా లాభం ఉండదు. మైలార్ పొరను మార్చినా, గొట్టాన్ని మార్చినా, ఆ పరికరాన్ని మళ్లీ కాలిబ్రేషన్‌కు పంపాలి. ఏడాది గడువు ఇంకా మిగిలి ఉందన్న వాదన అక్కడ చెల్లదు.