రగ్బీకి మారినప్పుడు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఏమనుకున్నారు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారు కాస్త దారి చూపండి. ఆట మరీ ప్రమాదకరంగా తయారైందని 1905లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీల ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించారు. మరుసటి ఏడాది బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది, బంతిని తమ దగ్గరే ఉంచుకోవాలంటే జట్టు ముందుకు సాగాల్సిన దూరం ఐదు గజాల నుంచి పదికి పెరిగింది. కొలంబియా యూనివర్సిటీ ఆటనే మానేసింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ యూనివర్సిటీలు రగ్బీకి మారాయి.

ఈ నియమాల గొడవ పుస్తకాల నిండా ఉంది. నాకు కావలసింది కుర్రాళ్ల మాట. ఒకరినొకరు పట్టుకుని, చాలామంది తలకు తోలు టోపీ కూడా లేకుండా, గుంపుగా ఎదుటివారి మీదికి దూసుకెళ్లే ఆటకు అలవాటుపడ్డవారు రగ్బీని ఎలా జీర్ణించుకున్నారు? హాస్టళ్లలో వాదులాటలు జరిగాయా? ఏటా స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీల మధ్య జరిగే బిగ్ గేమ్ అనే పోటీకి జనం తగ్గారా?

ఆనాటి విద్యార్థుల ఉత్తరాలు, డైరీలు ఉచితంగా చదివే చోటు ఉంటే చెప్పండి. అధ్యాపకుల నివేదికలు మాత్రం వద్దు, వాటితో విసిగిపోయాను.