దీర్ఘఘనం కర్ణం: రెండో లంబకోణం ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న:
గది పొడవు 12 అడుగులు, వెడల్పు 9, ఎత్తు 8. నేల మీద ఒక మూల నుంచి దానికి ఎదురుగా పైకప్పు దగ్గరున్న మూలకి దూరం కావాలి. నేల మీది కర్ణం అర్థమైంది: 144 + 81 = 225, అంటే 15 అడుగులు. తర్వాత 15, 8 తీసుకుని మళ్లీ పైథాగరస్ సిద్ధాంతం వాడమంటున్నారు. కానీ ఆ కర్ణం ఏ గోడ వెంటా పోవట్లేదు కదా, మధ్యలో ఏటవాలుగా పోతోంది. అది గది మూలలోని నిలువు అంచుతో 90 డిగ్రీలు చేస్తుందని ఎలా చెప్పగలం?

జవాబు:
అసలు కీలకం అక్కడే ఉంది. నిలువు అంచు నేలకి లంబం. ఒక గీత తలానికి లంబమైతే, అది తలాన్ని తాకిన చోటు గుండా ఆ తలంలో ఎటు గీసిన గీతకైనా లంబమే. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాస్త తెరిచి బల్ల మీద నిలబెట్టి చూడండి. పేజీల కింది అంచులు తలో దిక్కుకీ పోతాయి, అయినా ప్రతిదీ పుస్తకం వెన్నుతో 90 డిగ్రీలే చేస్తుంది.

మీ మొదటి మూల క, నేల మీద దాని ఎదురు మూల గ, గ కి నిట్టనిలువుగా పైనున్నది చ అనుకోండి. లంబకోణం గ దగ్గర. 225 + 64 = 289, కాబట్టి క నుంచి చ కి 17 అడుగులు. పెట్టె బొమ్మలో గ దగ్గరి కోణం 90లా కనిపించదు, చాలామంది తడబడేది అందుకే. ఆ త్రిభుజాన్ని పక్కన విడిగా గీసుకోండి.

మరో జవాబు:
మధ్యలో వర్గమూలం తీయకండి. ఇక్కడ 15 సరిగ్గా వచ్చింది గానీ ప్రతిసారీ రాదు. 6, 5, 4 కొలతలైతే నేల కర్ణం √61. దాన్ని 8 అని సరిపెడితే చివరికి √80, అంటే 8.94 వస్తుంది. 61ని అలాగే ఉంచి 16 కలిపితే √77, అంటే 8.77. అసలు జవాబు ఇదే. ఇంకోటి, 12 అడుగుల 6 అంగుళాలంటే 12.5 అడుగులు, 12.6 కాదు.

ప్రశ్న అడిగినవారు:
బాగా అర్థమైంది, ధన్యవాదాలు. అయితే 6 మీటర్ల పైపు ఈ గదిలో ఎలా పెట్టినా పట్టదన్నమాటేనా? మూల నుంచి మూలకి వైరు లాగాలన్నా 17 అడుగులు చాలా?

జవాబు:
పైపు పట్టదు. 6 మీటర్లంటే సుమారు 19.7 అడుగులు. 17 అడుగుల పైపు కూడా పట్టదు, ఎందుకంటే ఆ లెక్క మందం లేని గీతకి. పైపు లావయ్యేకొద్దీ దాని చివరలు మూలకి అంత ముందే గోడలకి తగులుతాయి.

వైరు లెక్క వేరు, అది గాల్లో పోదు. పక్కపక్కనున్న రెండు గోడల మీదే ఏటవాలుగా లాగితే, ఆ గోడల్ని ఒకే పలకగా విప్పినట్టు ఊహించుకోండి: పొడవు 12 + 9 = 21, ఎత్తు 8. 441 + 64 = 505, దాని వర్గమూలం దాదాపు 22.5 అడుగులు. మామూలుగా వేసినట్టు నిలువుగా, అడ్డంగా మాత్రమే తీసుకెళితే 8 + 12 + 9, మొత్తం 29 అడుగులు పడుతుంది. కనెక్షన్లకి రెండు చివర్లా కాస్త అదనంగా వదలండి.