సమస్య: “మెచ్చుకొన్న మాట మచ్చ యయ్యె”

నిర్వాహకురాలు:
ఈ వారం సమస్య నా సొంత బాధలోంచి వచ్చింది. మొన్న మా మేనకోడలి పెళ్ళికి గద్వాల చీర కట్టుకుని వెళ్ళాను. కాలేజీ నాటి స్నేహితురాలు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “ఏం కట్టినా నీ క్లాసు తెలిసిపోతుందే!” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఎలాంటిదో మూడు రోజులుగా తేలడం లేదు. రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి, ముందు మూడు పాదాలు రాసి ఆటవెలదిగా పూరించండి.

కొత్త సభ్యుడు:
పాదం మొదటి అక్షరం “మె”కూ, “మచ్చ”లోని “మ”కూ యతి, అంటే అక్షరాల పొత్తు, ఎలా చెల్లిందండీ?

నెల్లూరు అక్కయ్య:
చ్చు, చ్చ చూడు నాయనా. ప్రాసయతి, వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిశాయి.

తెనాలి మాస్టారు:

పెండ్లి యింట చెలియ పేరంటమందున
“క్లాసు తెలిసిపోవు కట్టులోనె”
యనుచు నన్నుఁ జూచె, నద్దమ్ముఁ జూచితి
మెచ్చుకొన్న మాట మచ్చ యయ్యె

అమ్మా, మీరు చెప్పినదే చెప్పాను, కల్పన ఏమీ లేదు. ఆమె నన్ను చూసింది, నేను అద్దం చూశాను. ఆ రెండు చూపుల మధ్యే మచ్చ పడింది.

నెల్లూరు అక్కయ్య:
మూడో పాదానికి దండం, మాస్టారూ. “చూచె”, “చూచితి” అనే రెండు మాటలతో కథంతా నడిపారు.

పాలమూరు అన్న:
పద్యం బాగుంది, కాదనను. కానీ ఒక్క మాట అడగాలి. పోయిన ఉగాది సమస్యకు నేను “స్టైలు” అని పాదం మొదలుపెడితే, స్టై–ట సంయుక్తాక్షర యతి (జంట అక్షరంలో ఒకటి కలవడం) నిక్షేపంగా ఉన్నా, అన్యదేశ్యంతో, అంటే పరభాషా మాటతో, ఆటవెలది పాడైందని మీరు రాశారు. ఇప్పుడు “క్లాసు” పాదం మొదట్లోనే కూర్చుంది. అప్పటి తప్పు ఇప్పుడు ఒప్పు ఎలా అయింది?

తెనాలి మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. మీ “స్టైలు” కవి మాట. ఆ చోట “తీరు” అన్నా, “సొగసు” అన్నా పద్యం నిలిచేది. ఇక్కడ “క్లాసు” ఆ స్నేహితురాలి నోటి మాట. హుందాతనం, ఆర్థిక అంతస్తు రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. “హుందా” అంటే మెప్పు మాత్రమే మిగులుతుంది, “అంతస్తు” అంటే ఎత్తిపొడుపు మాత్రమే మిగులుతుంది. తెలుగు చేస్తే సమస్యే మాయమవుతుంది.

పాలమూరు అన్న:
ఒప్పుకుంటున్నాను. అయినా ఉగాది నాటి మాట నా మనసులో ఉంది, దాచను. నా పూరణ:

అంచు పట్టుదైన నడుమంత నూలైన
చీర వలెనె యుండె చెలియ పలుకు
తడిమి చూచుకొంటి తలపోసి తలపోసి
మెచ్చుకొన్న మాట మచ్చ యయ్యె

గద్వాల మా పాత జిల్లాది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది గానీ ఆ చీర మీద మమకారం పోలేదు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెంటినీ కలిపేది కుప్పడం నేత. ఆ స్నేహితురాలి మాటకు పైకి కనిపించే అంచు పట్టు, ఒంటికి తగిలేది నూలు. పట్టూ నూలూ కలిసే చోట వేలితో తడిమితే తెలుస్తుంది. అందుకే మూడో పాదంలో “తడిమి” అన్నాను.

నెల్లూరు అక్కయ్య:
అబ్బ! చీరనే పద్యం చేశావు తమ్ముడూ. గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అనేవారు. కవులను పోషించిన ఊరి చీర ఈ సమస్యకు రావడం ఎంత బాగుందో.

తెనాలి మాస్టారు:
ఉపమానం నాకూ ఎంతో నచ్చింది. నా పూరణకంటే లోతైనది. అందుకే చెప్పక తప్పడం లేదు: మొదటి పాదంలో యతి పోయింది. అం–న చెల్లదు.

పాలమూరు అన్న:
మీ మూడో పాదంలో “యనుచు – నద్దమ్ము” ఉంది. అదీ న కదా?

తెనాలి మాస్టారు:
అది జూచెను + అద్దమ్ము. ఆ నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివర వచ్చి చేరినది, దాని కింద అచ్చు ఉంది. మీ “నడుమ”లో న ఆ పదానికే సొంతం, కింద అకారం లేదు. ఇంత మంచి పద్యం ఒక్క అక్షరం దగ్గర ఆగిపోవడం నాకు బాధగా ఉంది. సరిదిద్దండి.

బెజవాడ బాబాయి:
యతి సంగతి మీరిద్దరూ చూసుకోండి. నాకు “తెలిసిపోతుంది” దగ్గర ఆలోచన ఆగింది. “తెలుస్తుంది” అంటే పేచీ లేదు. “పోతుంది” చేరితే దాచుకున్నది బయటపడినట్టు వినిపిస్తుంది. దొంగతనం తెలిసిపోయింది అంటాం. అదే నోటితో పెద్దింటి బిడ్డని చూడగానే తెలిసిపోతుందనీ అంటాం. వ్యాజస్తుతిలో రెండు దారులూ ఉన్నాయి: తిట్టినట్టు పొగడడం, పొగిడినట్టు తిట్టడం. మా కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకమంతా నిందిస్తూనే కొలిచాడు. అక్కడ భక్తి ముందే తెలుసు కాబట్టి నింద స్తుతి అయింది. ఇక్కడ ఆమె మనసేమిటో ముందు తెలియాలి.

ఇరువదేండ్ల నాటి యింపైన చెలి మాట
తుడువఁ జెరిగిపోదు తోలుమీద
పుట్టుమచ్చ తీరు బుద్ధిలో నిలువగా
మెచ్చుకొన్న మాట మచ్చ యయ్యె

తెనాలి మాస్టారు:
మచ్చను పుట్టుమచ్చ చేయడం మంచి మలుపు. కానీ మూడో పాదంలోనే “మచ్చ” అనేశారు. నాలుగో పాదంలో విప్పాల్సిన ముడి ముందే విడిపోయింది. “తోలు” కూడా యతి కోసం వచ్చిందని తెలుస్తోంది.

బెజవాడ బాబాయి:
“తెలిసిపోతోంది” అనలేదు, సంతోషం.

డాలస్ వదిన:
నాకు కుచ్చుకున్నది “ఏం కట్టినా” అన్న ముక్క. చీర బాగుందని ఆమె అనలేదు. గద్వాల కట్టినా, ఇంట్లో నేత చీర కట్టినా ఒకటే అంది. మొదట అది నాకూ ఎత్తిపొడుపుగానే తోచింది. తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. నేను ముస్తాబైతే “బాగున్నావు” అనేది కాదు, “పర్లేదులే” అనేది. దిష్టి తగులుతుందని ఆవిడ భయం.

బుగ్గమీద తల్లి పొందుగ దిద్దెడు
దిష్టిచుక్కవోలె తీర్చి చెలియ
కన్ను తగులకుండఁ గాపాడ నెంచగా
మెచ్చుకొన్న మాట మచ్చ యయ్యె

నెల్లూరు అక్కయ్య:
వదినా! మచ్చని దిష్టిచుక్క చేసేశావు. ఇందాకటినుంచి మేమంతా ఆ మచ్చని తుడవాలని చూస్తున్నాం, నువ్వు కావాలనే పెట్టిందన్నావు. నాలుగో పాదం చదివేటప్పుడు గొంతు పట్టేసింది.

తెనాలి మాస్టారు:
యతులు బు–పొ, ది–తీ, క–గా. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. పూరణ అంటే ఇది. సమస్యలో దోషంగా ఉన్న మాట పూరణలో రక్షగా మారింది.

పాలమూరు అన్న:
మాస్టారు ఇంతగా మెచ్చుకోవడం నేను ఇదే చూడడం. వదినగారికి అభినందనలు.

నిర్వాహకురాలు:
మీకు ఒక సంగతి ముందు చెప్పలేదు. కాలేజీ వీడ్కోలు సభకు కట్టుకోవడానికి నా దగ్గర మంచి చీర లేకపోతే ఆ స్నేహితురాలే తన గద్వాల ఇచ్చింది. ఆకుపచ్చది, ఎర్ర అంచు. కుచ్చిళ్ళు కూడా తనే పెట్టింది. ఆ చీర తనదని సభలో ఎవరికీ చెప్పలేదు. అంటే నా క్లాసు ఏమిటో తనకు మొదటినుంచీ తెలుసు, దాచిపెట్టిందీ తనే. ఆ సంగతి మొన్న తనకు గుర్తుందో లేదో. బాబాయి “మనసు ముందే తెలియాలి” అన్న దగ్గర నాకు ఆ ఆకుపచ్చ చీర కళ్ళముందు నిలిచింది. వదిన పద్యం కాగితం మీద రాసుకున్నాను, రేపు తనకు ఫోన్ చేసి చదివి వినిపిస్తాను.

పాలమూరు అన్న:
అమ్మా, ఆ ఆకుపచ్చ చీర కోసమైనా నా పాదం సరిచేయాలి.

అంచు పట్టుదైన నావల నూలైన
చీర వలెనె యుండె చెలియ పలుకు

తెనాలి మాస్టారు:
ఐనన్ + ఆవల. చెల్లింది. “నడుమంత” కంటే “ఆవల” అర్థానికీ మేలు, అంచు దాటి చూడమంటోంది. “వలెనె” దగ్గర మాత్రం ఒక సందేహం ఉంది, భోజనాలయ్యాక రాస్తాను.