డాజిల్ అంటే మెరవడమా, కళ్ళు చెదరడమా?

ఎంవీపీ కాలనీ నుంచి:
మా మేనకోడలు ఇంగ్లీషు పరీక్షలో ‘డాజిల్’ అంటే ‘కళ్ళు చెదిరేలా చేయడం’ అని రాసింది. టీచర్ అది కొట్టేసి ‘మెరవడం’ అని రాశారు, ఒక మార్కు పోయింది. నాకైతే టీచర్ మాటే సబబనిపిస్తోంది. డాజ్లింగ్ చీర అంటే మెరిసే చీరే కదండీ?

గాజువాక నుంచి:
పాప రాసిందే కరెక్టండీ. డాజిల్ పుట్టింది ‘డేజ్’ నుంచి, డేజ్ అంటే దిమ్మతిరిగిపోవడం, దాని వెనక ఉన్న పాత నార్స్ (ఒకప్పటి స్కాండినేవియా భాష) మాటకి అర్థం అలసిపోవడం. చివర్లో ఉన్న ‘ల్’ అదే పని మళ్ళీ మళ్ళీ జరుగుతోందని చెబుతుంది, స్పార్క్ నుంచి స్పార్కిల్ వచ్చినట్టు. మొదట్లో కళ్ళే డాజిల్ అయ్యేవి, అంటే చూపు మసకబారేది. వెలుగు వచ్చి కళ్ళను డాజిల్ చేయడం 16వ శతాబ్దపు వాడుక. అసలు మూలంలో వెలుగన్నదే లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
మూలం పట్టుకుని అర్థం చెబితే ఎలాగండీ? ‘నైస్’ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం. ఇప్పుడెవరైనా అలా అంటారా?

గాజువాక నుంచి:
నైస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ దాని పాత అర్థం చచ్చిపోయింది, డాజిల్‌ది బతికే ఉంది. రాత్రి బీచ్ రోడ్డు మీద ఎదుటి కారు హైబీమ్ వేసుకుని వస్తే ఒక్క క్షణం రోడ్డే కనపడదు చూడండి, ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ డాజిల్ అనే అంటారు. అక్కడ పొగడ్త ఎక్కడుంది? ఇంకోటి. 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు ఓడలకి అడ్డదిడ్డంగా నలుపు తెలుపు చారలు వేయించాడు, ఆ పద్ధతి పేరే డాజిల్. ఓడ మెరవాలని కాదు, దాచాలని కూడా కాదు. పెరిస్కోప్‌లోంచి చూసే జర్మన్ సబ్‌మెరైన్ కెప్టెన్‌కి ఓడ ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో అంచనా తప్పాలని. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూస్తూ పెరిగిన మనకి ఆ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు.
అయినా మన ‘మిరుమిట్లు’ లేదూ? అది దీపానికి ఉండే గుణం కాదు, చూసే కంటికి కలిగే అవస్థ. దాన్నే మనం మెచ్చుకోలుగానూ వాడతాం. డాజిల్ కూడా అంతే.

ఎంవీపీ కాలనీ నుంచి:
మిరుమిట్లు నాకు తట్టనే లేదండీ. చీర విషయంలో నా మాట నాదే గానీ, పాప జవాబు తప్పని మాత్రం ఇక అనను. సోమవారం పేపరు పట్టుకుని టీచర్ గారిని కలుస్తాను.