డిసెంబరు కార్యక్రమం: పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ సాయంత్రం, వాలంటీర్ల ప్లానింగ్

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం కాల్‌కి రాలేకపోయినవాళ్ల కోసం అక్కడ అనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఈసారి డిసెంబరులో మనం ఉంటున్న ఊరి మనిషి గురించి ఒక సాయంత్రం చేద్దాం అనుకున్నాం. ఆవిడ ఇంగ్లిష్ నటి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్. 1907 డిసెంబరు 22న ఇక్కడే, లండన్ దక్షిణాన ఉన్న క్రాయిడన్‌లో పుట్టారు. ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే కళాకేంద్రంలో 1962లో తెరిచిన ఆష్‌క్రాఫ్ట్ థియేటర్‌కి ఆ పేరు ఈవిడదే. ఈస్ట్ క్రాయిడన్ స్టేషన్‌కి వెళ్తూ మనమంతా రోజూ ఆ పక్కనుంచే నడుస్తాం. పన్నెండేళ్లుగా నేనూ నడుస్తున్నాను. ఆ పేరు ఎవరిదని ఆగి చూసింది మాత్రం పోయిన ఏడాదే.

హాలు విషయం: ఆష్‌క్రాఫ్ట్‌లో దాదాపు 750 సీట్లు. మనకి అంత అవసరం లేదు, బడ్జెట్టూ సరిపోదు. ఎప్పటి చర్చి హాలే బుక్ చేద్దాం. మధ్యాహ్నం మాత్రం పిల్లలందరినీ ఆ థియేటర్ ముందుకి తీసుకెళ్లి, అక్కడ నిలబడే ఆవిడ కథ మొదలుపెడదాం.

యూత్ వాలంటీర్:
అక్కా, నాకు ఈవిడ ఎవరో తెలీదు. అమ్మని అడిగితే ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లో ముసలావిడ కదా అంది. ఆ సినిమా క్లిప్ పది నిమిషాలు వేస్తే అందరికీ తెలిసిపోతుంది కదా? ప్రొజెక్టర్ నేను చూసుకుంటాను.

కల్చరల్ కోఆర్డినేటర్:
ప్రొజెక్టర్ కావాలి తమ్ముడూ, ఫోటోల కోసం. సినిమా ముక్క వేయాలంటే మాత్రం చర్చి హాల్లో అయినా, టికెట్ లేకపోయినా, లైసెన్స్ తీసుకోవాల్సిందే. దానికంటే నాకు పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది.

ఆ సినిమా తీస్తున్నప్పుడు ఆవిడకి 76 ఏళ్లు. బెంగళూరు దగ్గర సావనదుర్గ కొండ మీద గుహల సీన్లు తీశారు. ఆ మిసెస్ మూర్ పాత్రకి 1985లో ఆస్కార్ వచ్చింది. అప్పటికి ఆవిడ వయసు 77, సహాయ నటి విభాగంలో అంత వయసులో గెలిచినవాళ్లు ఇప్పటికీ వేరే లేరు. సంతోషమే. కానీ ఆవిడ స్టేజీ ఎక్కింది 1926లో, బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో. అంటే ఆ సినిమా నాటికి వెనక 57 ఏళ్ల పని ఉంది. క్లిప్‌తో మొదలుపెడితే ఆ పనంతా మాయమై, మనకి ఒక మంచి అమ్మమ్మ మాత్రమే మిగులుతుంది. నాటకం రాత్రి ముగిసిందంటే అయిపోయినట్టే కదా. 1932లోనో 1935లోనో ‘రోమియో అండ్ జూలియెట్’లో ఆవిడ జూలియెట్‌ని చూసినవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? అందుకే ఆ పోయిన భాగాన్నే మన సాయంత్రంలో ఎక్కువ చూపించాలని నా కోరిక.

1935 నాటకం గురించి ఒక్క మాట, ఇది యాంకర్ నోట్స్‌లో ఉండాలి. లండన్ న్యూ థియేటర్ (ఇప్పుడు దాని పేరు నోయెల్ కవర్డ్ థియేటర్). జాన్ గీల్గడ్, లారెన్స్ ఒలీవియే అనే ఇద్దరు పెద్ద నటులు కొన్నాళ్లకి రోమియో, అతని స్నేహితుడు మెర్క్యూషియో పాత్రలు మార్చుకున్నారు. జూలియెట్ మాత్రం మారలేదు. నిన్నటిదాకా ఒక రోమియో, ఇవాళ్టి నుంచి ఇంకో రోమియో. ఇద్దరి తీరూ వేరు. ఇద్దరితోనూ అదే ప్రేమని కొత్తగా పండించాలి. అందరూ ఆ ఇద్దరు మగవాళ్ల పోటీ గురించే చెప్తారు. మనం జూలియెట్ వైపు నుంచి చెబుదాం.

ట్రెజరర్:
చర్చి హాలు నాలుగు గంటలకి తీసుకుంటున్నాం, అడ్వాన్స్ కట్టేస్తాను. భోజనాలు పోయినసారిలాగే ఇళ్ల నుంచి. పులిహోర, పెరుగన్నం, పకోడీ, ఏదో ఒక స్వీటు. జీడిపప్పు, పల్లీలు వేసిన గిన్నెలకి తప్పకుండా చీటీ అతికించండి, పోయినసారి ఒక బాబు విషయంలో చాలా టెన్షన్ పడ్డాం.

ఒక తల్లి:
కోఆర్డినేటర్ గారూ, స్క్రిప్ట్ డ్రాఫ్ట్ చదివాను. బాగుంది. ఒథెల్లో భాగం మాత్రం పిల్లల ముందు అవసరమా అండీ? మా పాపకి తొమ్మిదేళ్లే. పండగ వాతావరణంలో ఆ జాతి గొడవలు చెప్పడం ఎందుకని నా ఉద్దేశం.

కల్చరల్ కోఆర్డినేటర్:
మీ భయం నాకు అర్థమైందండీ. అయినా అది తీసేయలేను, కారణం చెప్తాను.

1930లో లండన్ సావోయ్ థియేటర్‌లో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ వేశారు, నల్లజాతి సేనాని, అతని తెల్లజాతి భార్య కథ. భార్య డెస్డిమోనాగా ఆవిడ, ఒథెల్లోగా పాల్ రోబ్సన్. ఆయన నల్లజాతి అమెరికన్, గొప్ప గాయకుడు. దానికి ముందు ఏడాదే అదే సావోయ్ పేరున్న హోటల్ గ్రిల్ రెస్టారెంట్‌లోకి ఆయన్ని రానివ్వలేదు. స్టేజీ మీద ఆయన పాటకీ మాటకీ చప్పట్లు, భోజనానికి కూర్చుంటే మాత్రం కుదరదు. ఇరవై రెండేళ్ల క్రాయిడన్ అమ్మాయి ఆయన పక్కన భార్యగా నటించినందుకు ఆవిడకి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఆవిడ నటించడం ఆపలేదు. లోకాన్ని చూసే తన కళ్లు తెరుచుకున్నది అప్పుడేనని తర్వాత చెప్పుకున్నారు కూడా.

మన పిల్లలు ఈ దేశంలో పెరుగుతున్నారు. స్కూల్లో ఎవరో ఒకరు ఏదో ఒక మాట అననే అంటారు. మా అబ్బాయికి ఆ అనుభవం ఏడేళ్లకే అయింది, మూడు రోజులు నాకు చెప్పలేదు. అలాంటప్పుడు పక్కన నిలబడేవాళ్లు కూడా ఇదే ఊళ్లో పుట్టారని పిల్లలకి తెలియాలి. మాటలు తొమ్మిదేళ్ల పిల్లకి తగ్గట్టు మారుద్దాం. మీరే నాతో కూర్చుని మార్చండి, దయచేసి.

ఒక తల్లి:
సరేనండీ. శనివారం పొద్దున మీ ఇంటికి వస్తాను. మా పాపని కూడా తీసుకొస్తాను, తనకి అర్థమవుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

మాస్టారు (రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్):
నేను మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చాను, ఖాళీగానే ఉన్నాను. అనువాదం పని నాకివ్వండి. ఒక చిన్న సంగతి. ఆవిడకి ‘డేమ్’ బిరుదు (మగవాళ్లకిచ్చే ‘సర్’ లాంటిది) వచ్చింది 1956లో. మన తెలుగు రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారికి పద్మశ్రీ వచ్చిందీ 1956లోనే. నటన వల్ల ఒకే ఏడు ఇద్దరికీ ఇంత గౌరవం. ఇది చదివి నాకు చాలా ఆనందం వేసింది.

కల్చరల్ కోఆర్డినేటర్:
మాస్టారూ, మీరు దొరకడం మా అదృష్టం. ఆ 1956 మాట యాంకర్ తప్పకుండా చెప్తారు, అంతకుమించి పోలికలు వద్దు. స్థానం వారికి విడిగా ఒక సాయంత్రం చేయాలి.

అనువాదానికి నేను అనుకున్నది హెన్రీ ది సిక్స్త్ రాజు భార్య మార్గరెట్ రాణి సీన్. షేక్‌స్పియర్ కాబట్టి హక్కుల బాధ లేదు. 1963లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో దర్శకులు పీటర్ హాల్, జాన్ బార్టన్ కలిసి హెన్రీ ది సిక్స్త్ మూడు భాగాలూ, రిచర్డ్ ది థర్డ్ కలిపి మూడు నాటకాలుగా మలిచారు. పేరు ‘ది వార్స్ ఆఫ్ ది రోజెస్’. అందులో ఫ్రాన్స్ నుంచి పెళ్లికూతురుగా వచ్చే పడుచు మార్గరెట్టూ ఆవిడే, కొడుకునీ మొగుణ్ణీ పోగొట్టుకుని శాపాలు పెడుతూ తిరిగే ముసలి మార్గరెట్టూ ఆవిడే. అప్పుడు ఆవిడకి 55 ఏళ్లు. మేకప్ ఒక్కటే చాలదు కదా, నడక, గొంతు, మెడ నిలిపే తీరు, అన్నీ నాటకం నాటకానికీ ముదరాలి. బీబీసీ దాన్ని చిత్రీకరించి 1965లో ప్రసారం చేసింది. స్టేజీ మీది ఆవిడ పనిలో మనకి మిగిలిన పెద్ద ముక్క అదే.

సింహాసనం కోసం ఎదురుతిరిగి పట్టుబడిన యార్క్ డ్యూక్ తల మీద మార్గరెట్ కాగితం కిరీటం పెట్టి, అతని చిన్న కొడుకు నెత్తుట్లో ముంచిన రుమాలు ఇచ్చి కళ్లు తుడుచుకోమనే సీన్ మాకు కావాలి. వచనమే చాలు, పద్యం అక్కర్లేదు. ఏడు నిమిషాలు మించకూడదు. రుమాలు సంగతి కాస్త మెత్తగా ఉంచండి, పైన ఆ తల్లి చెప్పిన తొమ్మిదేళ్ల పాప ముందు వరసలోనే ఉంటుంది.

మాస్టారు:
తప్పకుండానమ్మా. మరి టీవీ భాగం? నేను చూసింది అదే. ‘ది జ్యూవెల్ ఇన్ ది క్రౌన్’.

కల్చరల్ కోఆర్డినేటర్:
అది మీరే చెప్పాలి మాస్టారూ. 1984, గ్రెనడా టెలివిజన్, 14 ఎపిసోడ్లు, ఇండియాలో బ్రిటిష్ పాలన చివరి రోజుల కథ. ఆవిడ పాత్ర బార్బీ బాచిలర్, మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన ఒంటరి మనిషి. ఆశ్రయమిచ్చిన పెద్దావిడ పోగానే ఆ ఇంట్లో బార్బీకి చోటు లేకుండా చేస్తారు. జీవితమంతా ఒక పెట్టెలో సర్దుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగే మనిషి. ఆ పాత్రకి ఆవిడకి బ్రిటన్ సినిమా, టీవీ అవార్డు బాఫ్టా వచ్చింది.

మన పెద్దవాళ్లలో చాలామంది ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ, రెండు సూట్‌కేసులతో. వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేకుండా బార్బీ అర్థమవుతుంది. ఐదు నిమిషాలు కథలాగా చెప్పండి, చాలు.

ఇంకా 1989లో ‘షీజ్ బీన్ అవే’ అనే బీబీసీ చిత్రం ఉంది, అరవై ఏళ్లు మానసిక ఆసుపత్రిలో ఉంచేసిన మనిషి పాత్ర. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు అందులోనే నటించిన జెరాల్డిన్ జేమ్స్‌తో కలిసి పంచుకున్నారు. రెండేళ్లకి, 1991 జూన్ 14న పోయారు. మూడు పెళ్లిళ్లు, విడాకుల గురించి డ్రాఫ్ట్‌లో ఒకరు పేరా రాశారు, దాన్ని తీసేశాను. దానికి పట్టే టైమ్ జూలియెట్‌కి ఇద్దాం.

ఇంకా మిగిలినవి: మార్గరెట్ వేషానికి ఎవరూ పేరు ఇవ్వలేదు. యాభై దాటినవాళ్లు వేస్తేనే బాగుంటుంది. ముసలి మార్గరెట్‌ని పడుచు పిల్ల వేస్తే నేను ఒప్పుకోను.

వంటల కమిటీ:
నేను వేస్తాను. వయసు 58. కాలేజీ రోజుల్లో నాటకాలు వేశాను, తర్వాత ముప్ఫై ఏళ్లు స్టేజీ ఎక్కలేదు. డైలాగులు గుర్తుంటాయో లేదో భయంగా ఉంది, ఎవరైనా రోజూ ఫోన్లో చదివించాలి.

యూత్ వాలంటీర్:
ఆంటీ, రోజూ రాత్రి తొమ్మిదింటికి నేను చేస్తాను. యార్క్ డ్యూక్ కూడా నేనే వేస్తానక్కా, వేరే ఎవరూ లేకపోతే. కాగితం కిరీటం చెల్లి చేస్తుందట, సైజు కోసం నా తల ఇప్పటికే కొలిచేసింది.